పైరు పురుగుల పేరు తెలిసికొను నూతన విధానము

నెల్లూరు మండలమునకు వరియే జీవము. నెల్లు అనగా వడ్లు. ఊరికి ఆ పేరు వచ్చుటకు అదియే కారణమని పెద్దలు చెప్పుదురు. పెన్నానది కాలువల క్రిందను, చెఱువుల క్రిందను, ఈశాన్యపు వానలతో అక్టోబరు, నవంబరు నెలలయందు నాటిన పైరు సంక్రాంతి దాటిన పిమ్మట కోతకు వచ్చును. నీరు చాలిన యేట ఎడగారు పంటయు నుండును. పూర్వము మొలగొలుకులు పండిన పొలములలో నేడు నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానమున పుట్టిన నెల్లూరు మసూరి మొదలగు రకములు పండుచున్నవి. రకములు మాఱినను, కాలువలు బాగుపడినను, రైతునకు ఒక భయము మాత్రము తీరలేదు. అది పురుగు భయము. నవంబరు నెల తుపానును రైతు ఆపలేడు. పురుగును కొంతవఱకు ఆపగలడు. కాని ఆపవలెనన్నచో మొదట ఆ పురుగేదో తెలియవలెను. దానిని నిశ్చయముగా తెలిసికొనుటకు మన కాలమున ఏర్పడిన యొక విధానమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తేటపఱచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పురుగు పేరుతో మనకేమి పని, చంపిన చాలదా యని కొందఱు అడుగవచ్చును. ఒక యుదాహరణము చూతము. వరిదుబ్బు మొదట, నీటికి కొంచెము పైగా, చిన్న దోమలు గుంపుగా కూర్చుండి రసము పీల్చుచుండును. వానిలో గోధుమవన్నె గలది సుడిదోమ. వీపున తెల్లని గుర్తు గలది తెల్లమచ్చదోమ. సుడిదోమ హెచ్చినచో పైరు వలయములు వలయములుగా ఎండి పడిపోవును. అవే దుబ్బులలో మిరిడ్ నల్లి యను సన్నని పచ్చని పురుగొకటి తిరుగుచుండును. అది పైరునకు హాని చేయదు; పైగా సుడిదోమ గ్రుడ్లను వెదకి వాని రసమును పీల్చి చంపును. సాలెపురుగులు సుడిదోమలనే పట్టి తినును. ఇందు దొంగ యెవరో కాపరి యెవరో యెఱుగక, అంగడిలో దొరకిన మందును చేనంతట చల్లినచో, కాపరులు ముందుగా చచ్చును. సుడిదోమ గ్రుడ్లు ఆకుతొడుగు లోపల దాగి యుండుటచే చాలవఱకు బ్రతుకును. వారము పది దినములలో పిల్లలు బయలుదేఱునప్పటికి వానిని తినువారెవరును చేనిలో మిగులరు. మందు చల్లిన చేనిలోనే దోమ యెక్కువగుట ఈ కారణముచేతనే.

ఇది ఊహ కాదు. అధిక దిగుబడి నిచ్చు వరి రకములు 1966వ సంవత్సరము తరువాత ఆసియా ఖండమంతట వ్యాపించెను. ఎరువులును మందులును వానితోపాటు పెరిగెను. కేరళ దేశమున 1973-74 సంవత్సరములలో సుడిదోమ పైరును పాడుచేసెను. ఇండోనేషియా ప్రభుత్వమువారు 1986లో వరిపై 57 రకముల మందులను వాడరాదని శాసించిరి. దోమకు శత్రువులైన పురుగులను ఆ మందులు చంపుచున్నవని వారు గ్రహించిరి. కావున పురుగును గుర్తించుట పండితుల వినోదము కాదు. దానిపై రైతు రొక్కమును, పంటయు, చేనిగట్టున నడచు బిడ్డల ఆరోగ్యమును ఆధారపడి యున్నవి.

ఇక గుర్తించుటలో గల కష్ట మేమి? సీతాకోకచిలుకను చూచినవారెవరును, అది గొంగళిపురుగుగా నున్నప్పటి రూపమును తలంపునకు తెచ్చుకొనలేరు. పైరు పురుగులు చాలవఱకు అట్టివే. లిన్నేయసు పండితుడు 1758లో జంతువులకు రెండేసి మాటల శాస్త్రీయ నామములు పెట్టు పద్ధతిని స్థిరపఱచెను. నాటి నుండి కీటకముల పేర్లు ముఖ్యముగా పెరిగిన పురుగుల ఱెక్కలను, కాళ్ళను, జననాంగములను సూక్ష్మదర్శినితో చూచి పెట్టినవే. చెన్నపురి రాజధానిలో ఫ్లెచరు దొర 1914లో దక్షిణ హిందూదేశపు కీటకములను గూర్చి వ్రాసిన గ్రంథమును, టి. వి. రామకృష్ణ అయ్యరుగారు 1940లో ప్రకటించిన గ్రంథమును అట్టి పరిశ్రమ వలన పుట్టినవే. కాని చేనిలో రైతు చూచునది ఎల్లప్పుడును పెరిగిన పురుగు కాదు. గ్రుడ్డు కావచ్చును, పిల్ల కావచ్చును, విడిచిన పొర కావచ్చును.

కాండము తొలుచు పురుగును తీసికొందము. లేతపైరున మొవ్వు ఎండిపోవును. ఈనిన పైరున గింజలేని తెల్లకంకి నిలుచును. కాండమును చీల్చి చూచినచో లోపల చిన్న పురుగుండును. అది పసుపువన్నె ఱెక్కల జాతి పిల్లయా, గులాబివన్నె జాతి పిల్లయా, చారల జాతి పిల్లయా? పెరిగినచో భేదము తెలియును. మిక్కిలి చిన్నదైనప్పుడు అనుభవజ్ఞులును తడబడుదురు. అయినను ఆ భేదము ముఖ్యమైనది. పసుపువన్నె జాతి వరి నాశ్రయించియే బ్రతుకును. కోసిన పిమ్మట మోళ్ళను దున్ని పాడుచేసినచో దాని యునికిపట్టు పోవును. గులాబివన్నె జాతియో, చెఱకు, మొక్కజొన్న, రాగి మొదలగు పైరులలోను బ్రతుకగలదు. వరిమోళ్ళను మాత్రము దున్నినచో అది ప్రక్క చేనిలో దాగును. పిల్ల పురుగు నుండియే దాని జాతిని నిశ్చయింపగల సాధనమున్నచో ఎంత మేలు!

అట్టి సాధనము ఆ పురుగు శరీరములోనే యున్నది. ప్రాణి శరీరమంతయు కణములతో నిర్మితము. కణములలో డి. ఎన్‌. ఏ. అను సన్నని దారము వంటి పదార్థము కలదు. అది నాలుగే నాలుగు అక్షరములతో వ్రాసిన గ్రంథము వంటిది. అడినీను, థైమీను, గ్వానీను, సైటోసీను అను నాలుగు పదార్థములే ఆ అక్షరములు. గ్రుడ్డునందును, పిల్లయందును, ఱెక్కలు వచ్చిన పురుగునందును ఈ వ్రాత యొక్కటియే. రూపము మాఱును గాని వ్రాత మాఱదు.

గ్రంథమంతయు చదువుట దీర్ఘకాలపు పని. కావున శాస్త్రజ్ఞులు అందొక చిన్న భాగమును ఏరుకొనిరి. కణములలో మైటోకాండ్రియా లను సూక్ష్మాంగములు కలవు. అవి ఆహారము నుండి శక్తిని పుట్టించు కార్ఖానాల వంటివి. వానికి తమదైన చిన్న డి. ఎన్‌. ఏ. వలయము ప్రత్యేకముగా నున్నది. ఒక్కొక్క కణమున ఇట్టివి పెక్కు లుండుటచే, పురుగు కాలొక్కటి దొరకినను ఈ వ్రాత లభించును. ఆ వలయములో ప్రాణులు ప్రాణవాయువును వినియోగించుకొనుటకు వలయు నొక పదార్థమును నిర్మించు భాగము కలదు. దానిని క్లుప్తముగా సి. ఓ. ఐ. జన్యువు అందురు. ఊపిరి లేక జంతువు లేదు గనుక ఆ భాగము జంతువులయం దన్నిటను ఉన్నది. అందు దాదాపు 650 అక్షరములను చదివి పురుగు జాతిని గుర్తింపవచ్చునని కనడా దేశమున గ్వెల్ఫు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు పాల్ హెబర్టు తన సహచరులతో కూడ 2003లో ప్రతిపాదించెను. అంగడిలో సరకుల పొట్లములపై నుండు నల్లగీతల గుర్తును చూచి యంత్రము సరకు పేరు చెప్పునట్లు, ఈ 650 అక్షరముల వరుసను చూచి పురుగు పేరు చెప్పవచ్చును. అందుచేత దీనికి డి. ఎన్‌. ఏ. బార్‌కోడు అను పేరు వచ్చినది.

ఒక జాతి వ్రాతయు మఱియొక జాతి వ్రాతయు ఏల వేఱగును? మన పూర్వులు తాటియాకు గ్రంథములకు ప్రతులు వ్రాయించెడివారు. లేఖకుడు ఎంత శ్రద్ధ వహించినను అక్కడక్కడ ఒక యక్షరము మాఱును. ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటను ఆ మార్పు నిలుచును. పండితులు పాఠభేదములను పోల్చి, ఏ ప్రతి ఏ ప్రతికి చుట్టమో నిర్ణయింతురు. డి. ఎన్‌. ఏ. వ్రాతయు తరతరమునకు ప్రతియై వచ్చునదే. ఒకే జాతి పురుగులు తమలో తాము కలియుచుండుటచే వాని పాఠభేదములు స్వల్పము. సాధారణముగా నూటికి రెండక్షరములకు మించవు. అనగా 650 అక్షరములలో పదుమూడింటికి లోబడి యుండును. వేఱు జాతులైనచో ఎంతో కాలము క్రిందటనే విడిపోయినవి గనుక భేదములు తఱచుగా అంతకు మించి యుండును.

ఇక పని జరుగు విధమును చెప్పెదను. చేనిలో పట్టిన పురుగును వెంటనే చిక్కని స్పిరిటులో వేయుదురు. ప్రయోగశాలలో దాని కాలొకటి త్రుంచి, నలిపి, మందులతో కరగించి డి. ఎన్‌. ఏ.ను వేఱుచేయుదురు. తక్కిన శరీరమును ముందు చూపునకై దాచియుంచుదురు. లభించిన డి. ఎన్‌. ఏ. మిక్కిలి స్వల్పము గనుక దానిని పెంచవలెను. ఇందులకు కారీ మల్లిసు అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1983లో కనిపెట్టిన పి. సి. ఆర్‌. అను విధానము ఉపయోగపడును. అతనికి 1993లో నోబెలు బహుమానము వచ్చెను. ఒక సన్నని గొట్టములో డి. ఎన్‌. ఏ.ను, నాలుగక్షరముల ముడిపదార్థములను, ప్రతిని వ్రాయు నొక రసాయనమును చేర్చి, వేడిచేయుచు చల్లార్చుచు నుందురు. వేడికి జంటదారము విడును. చల్లారినప్పుడు ఒక్కొక్క పోగునకు క్రొత్త జంట ఏర్పడును. ఒకటి రెండగును, రెండు నాలుగగును, నాలుగు ఎనిమిదగును. ఇట్లు ముప్పది మాఱులు జరిగినచో లెక్క ప్రకారము ఒక్క ప్రతి 107 కోట్ల ప్రతులకు మించును. లెక్కలు నేర్చిన విద్యార్థులు దీనిని తామే సరిచూచుకొనవచ్చును. మరుగునీటికి దగ్గఱగు వేడిమిలోను చెడని ఆ రసాయనము, వేడినీటి బుగ్గలలో బ్రతుకు నొక సూక్ష్మజీవి నుండి లభించినది.

పెంచిన ప్రతులను యంత్రమున నుంచినచో అక్షరముల వరుస తెలియును. ఇట్లు అక్షరములను చదువు పద్ధతులలో ప్రసిద్ధమైన దానిని ఇంగ్లండు దేశపు సాంగరు పండితుడు 1977లో ప్రకటించెను. పిదప ఆ వరుసను లోకమందలి శాస్త్రజ్ఞులు కూర్చిన వరుసల భాండాగారముతో పోల్చుదురు. సరిపోలిన దాని పేరే మన పురుగు పేరు. ఈ పని అంతయు కొలది దినములలో ముగియును.

ఈ విధానము మన దేశమున ఎట్లు అక్కఱకు వచ్చినదో చూతము. అమెరికా ఖండములలో మొక్కజొన్నను పాడుచేయు పురుగొకటి కలదు. మన రైతులు నేడు దానిని కత్తెర పురుగు అనుచున్నారు. అది 2016వ సంవత్సరమున పశ్చిమ ఆఫ్రికాలో కనబడెను. దాని చిలుక గాలి అనుకూలించినచో ఒక్క రాత్రిలో నూఱు కిలోమీటర్ల దూరము ఎగురగలదని చెప్పుదురు. 2018 మే నెలలో కర్ణాటక దేశమున శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్న చేలలో క్రొత్తగా నొక లద్దెపురుగు బయలుదేఱెను. మన దేశమున పొగాకు లద్దెపురుగు మొదలగు దాని చుట్టములు ముందే యున్నవి. పెరిగిన కత్తెర పురుగునకు తలపై తలక్రిందులుగా నున్న ఆంగ్లపు వై అక్షరము వంటి గుర్తును, తోక దగ్గఱ చతురముగా నాలుగు మచ్చలును కనబడును. లేతపురుగున ఆ గుర్తులు స్పష్టముగా నుండవు. శివమొగ్గ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారును, బెంగుళూరునందలి జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థవారును రూపమును పరీక్షించుటయే గాక సి. ఓ. ఐ. అక్షరములను కూడ చదివి, ఇది కత్తెర పురుగే యని నిశ్చయించిరి. ఆ సంవత్సరముననే అది ఆంధ్రప్రదేశమునకును, తెలంగాణమునకును, తమిళదేశమునకును వచ్చెను. పేరు త్వరగా తెలియుటచే, ఆఫ్రికా, అమెరికా దేశములవారి అనుభవము మనవారికి వెంటనే అందెను. సుడులలో దాగిన పురుగును వెదకుట, ఎర బుట్టలు పెట్టుట, గ్రుడ్లను చంపు పరాన్నజీవులను విడుచుట మొదలగు ఉపాయములు రైతులకు బోధింపబడెను.

ఈ కథయందే ఆ విధానము యొక్క హద్దును కూడ మనము నేర్చుకొనవచ్చును. అమెరికాలో కత్తెర పురుగునందు మొక్కజొన్న తెగ, వరి తెగ యని రెండు తెగలు కలవు. భారతదేశమున పట్టిన పురుగులలో పెక్కింటి సి. ఓ. ఐ. వ్రాత వరి తెగదిగా కనబడెను. వరియే జీవనముగా గల మనబోటివారికి ఈ మాట భయము గొలుపునదే. కాని చేలలో పురుగు ముఖ్యముగా మొక్కజొన్ననే తినుచుండెను. వరిని అంతగా ముట్టలేదు. కారణమేమి? మైటోకాండ్రియా వ్రాత బిడ్డకు తల్లి నుండి మాత్రమే వచ్చును. తండ్రి పాలు అందు లేదు. పిదప కణకేంద్రమునందలి మఱియొక జన్యువును చదివి చూడగా అది మొక్కజొన్న తెగ వ్రాతగా తేలెను. అనగా పూర్వమెప్పుడో రెండు తెగలు కలసిన సంతతి ఇది యని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. తల్లి యింటిపేరును మాత్రము చూచి బిడ్డ గుణమును చెప్పరాదు గదా! బార్‌కోడు జాతి పేరును చెప్పును; ఆ జాతి నడవడిని అంతటిని చెప్పదు.

వరిలో ఉల్లికోడు కలిగించు చిన్న యీగ సంగతియు ఇట్టిదే. దాని పిల్ల మొవ్వులో చేరి, ఆకును ఉల్లికాడ వంటి గొట్టముగా మార్చును. ఆసియా దేశపు ఈగయు, ఆఫ్రికా దేశపు ఈగయు ఒక్కటే యని చిరకాలము తలంచిరి; అవి వేఱు జాతులని 1982లో రూపపరీక్ష వలననే నిర్ణయించిరి. మన దేశపు ఈగలోనే ఏడు ఉపతెగలను గుర్తించి యున్నారు. ఒక తెగకు లొంగని వరి రకము మఱియొక తెగకు లొంగిపోవును. ఏ తెగ ఏ వరిని పాడుచేయునో తెలియుటకు వేర్వేరు వరి రకములపై దానిని పెంచి చూచుటయే ప్రధానమైన పరీక్ష. కన్ను, చేను, ప్రయోగశాల ఈ మూడును కలసి పనిచేయవలసినదే.

చేనిలోనే గాక గాదెలోను ఈ విద్య ఉపయోగపడును. బియ్యములోని ముక్కుపురుగు మన యిండ్లలో అందఱికిని తెలిసినదే. అట్టి రూపమే గల మఱియొక జాతి మొక్కజొన్నను ఆశ్రయించును. పైకి రెండును ఒక్కటిగనే కనబడును. కాని మొదటిది సాధారణముగా ఎగురదు. రెండవది బాగుగా ఎగిరి, పంట చేనిలో నుండగనే గింజలో చేరగలదు. మొదటి దానికి గాదెను శుభ్రపఱచిన చాలును. రెండవ దానికి చేనినుండియే జాగ్రత్త వలయును. మఱి ఖాప్రా యను పెంకుపురుగు కలదు. దాని పిల్ల ఆహారము లేకున్నను గోడల బీటలలో దీర్ఘకాలము బ్రతికి యుండును. పెక్కు దేశములు ఆ పురుగు తమ రేవులలో దిగకుండ కఠినముగా కాపాడుకొనుచున్నవి. మన తీరమున కాకినాడ వంటి రేవుల నుండి బియ్యము దేశాంతరములకు పోవును గనుక, సంచిలో దొరకిన పురుగు ఖాప్రాయా, హానిలేని దాని చుట్టమా యను ప్రశ్న పెద్ద వ్యాపార సమస్యయే యగును. విడిచిన పొర ముక్క దొరకినను డి. ఎన్‌. ఏ. వలన జవాబు రావచ్చును.

ఇంత చెప్పిన పిమ్మట ఒక సంగతి మఱువరాదు. భాండాగారములోని పేరు సరియైనదైననే మనకు వచ్చు పేరు సరియైనది. మొదట ఒక నిపుణుడు సూక్ష్మదర్శినితో పురుగును పరీక్షించి, పేరు నిశ్చయించి, ఆ పురుగును గాజుపెట్టెలో భద్రపఱచి, పిదప దాని అక్షరములను భాండాగారమున చేర్చవలెను. అతడు పొరబడినచో ఆ పొరపాటు వేలమందికి చేరును. కావున నూతన విధానము వచ్చినదని ప్రాచీన విద్యను విడుచుట తగదు. ఫ్లెచరు, రామకృష్ణ అయ్యరుల వంటివారి ఓర్పుతో కూడిన పరిశ్రమయే ఈ మేడకు పునాది. నేడు పురుగుల రూపమును చదువగలవారు తగ్గుచున్నారని శాస్త్రజ్ఞులు చింతించుచున్నారు. మన విద్యార్థులలో కొందఱు ఆ విద్యకు పూనుకొందురేని, యంత్రముల కంటె గొప్ప మేలు చేసినవారగుదురు.

రైతు తన చేనిలో కనబడిన ప్రతి పురుగును ప్రయోగశాలకు పంపనక్కఱలేదు. తెలిసిన పురుగులను కంటితో గుర్తించుటయే చాలును. తెలియనిది, క్రొత్తది, ఒక్కసారి విస్తారముగా వచ్చినది కనబడినప్పుడు మందు కొనుటకు ముందుగా వ్యవసాయాధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రమువారికి గాని చూపవలెను. ఇందు బాలబాలికలు చేయదగిన సహాయము కలదు. పురుగును చిన్న గాజుబుడ్డిలో చిక్కని స్పిరిటులో వేయవలెను. ఫార్మలినులో వేసినచో డి. ఎన్‌. ఏ. చెడును. స్పిరిటు మండునది గనుక పెద్దల యెదుటనే, దీపమునకు దూరముగా ఈ పని చేయవలెను. ఊరి పేరు, తేది, పైరు, పైరులో ఏ భాగమున దొరకినదో కాగితపు ముక్కపై పెన్సిలుతో వ్రాసి బుడ్డిలోనే వేయవలెను; సిరాతో వ్రాసినచో స్పిరిటులో కరగిపోవును. తేదియు ఊరును లేని పురుగు, చిరునామా లేని జాబు వంటిది.

వ్యాధి తెలియక ఔషధ మీయరాదని వైద్యులందురు. పొలము విషయమునను అదియే ధర్మము. ముందు పేరు, పిమ్మట మందు. ఈ చిన్న సూత్రమును ఇంటికి కొనిపోయి పెద్దలతో ముచ్చటించిన విద్యార్థి, మన తీరపు చేలకు తన వంతు సేవ చేసినట్లే.